తిప్ప మీద సున్నం

ఈ రెండు సంగతులు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తిప్ప మీద సున్నంతో గుండ్రాలు గీసింది నేను. ఆ గుండ్రాలు గీశాడని ఒక ముసలాయన్ను పనిలోంచి తీసేస్తూ ఇచ్చిన కాగితం టైప్ చేసిందీ నేనే. టైప్ చేసి, ప్రింటు తీసి, సారు టేబుల్ మీద సంతకానికి పెట్టి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం కూడా తిన్నాను.

ఆయన చనిపోయాడు. పోయిన వారం వాళ్ల ఊళ్లో, చర్చి పక్కన షామియానా వేసి ఆదరణ కూటం పెట్టారు. ఆళ్లగడ్డ నుంచి రెండు బస్సులు మారి వెళ్లి, ఆడవాళ్ల వైపు చాప చివర కూర్చున్నాను. పాస్టరుగారు కాగితం చూసి ఆయన జీవితం చదివారు. ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు బాప్తిస్మం పొందాడు, ఎప్పుడు పెండ్లి, ఎందరు బిడ్డలు, లష్కరుగా ఎన్నేళ్లు. లష్కరంటే చెరువు తూము దగ్గర ఉండి గేట్లు ఎత్తి దించే మనిషి. రెండు నిమిషాల్లో అయిపోయింది. పిట్టల గురించి ఒక్క మాట లేదు.

ఆ తర్వాత మండలంలో పెద్దమనిషి ఒకాయన లేచాడు. చెరువు మధ్యనున్న తిప్ప మీద షెడ్లు, పడవల రేవు కట్టాలని ఏడాదిగా తిరుగుతున్నది ఈయనే.

"లష్కరన్నంటే చెరువు, చెరువంటే లష్కరన్న," అన్నాడు. "ఆయన గుర్తుగా తిప్ప మింద ఒక ఫొటో పాయింటు పెట్టిస్తాం. దానికి ఆయన పేరే పెడతాం."

జనం చప్పట్లు కొట్టారు. ఆయన పెద్దకొడుకు లేచి దండం పెట్టాడు. నాకు లేచి నిలబడి "అది ఆయనకు ఇష్టం లేదు, ఆ తిప్ప కోసమే ఆయన పని పోయింది" అనాలనిపించింది. అనలేదు. చాప ఈనె ఒకటి పీకి, ముక్కలు చేసి, ఆ ముక్కలు చేతిలో పట్టుకుని బస్సెక్కాను.

అందుకే ఇది రాస్తున్నాను. చెరువు పేరు రాయను. అవుకు దారిలో ఉందని మాత్రం చెప్తాను. పేరు రాస్తే వచ్చే ఆదివారానికే బైకులేసుకుని వస్తారు, పిట్టలను దగ్గర నుంచి వీడియో తీయడానికి. ఆయన పేరూ రాయను. దాన్ని వాళ్లు బోర్డు మీద రాసుకోబోతున్నారు కదా.

నేను నంద్యాలలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఏజెన్సీ ద్వారా తీసుకున్న ఉద్యోగం, ఎప్పుడు వద్దంటే అప్పుడు దిగిపోవాలి. పొద్దున ఏడింటికి చెరువుల నుంచి లష్కర్లు ఫోన్ చేసి నీటిమట్టం చెప్తారు. అప్పటికి నేను బస్సులో ఉంటాను. నోటుబుక్కులో రాసుకుని, ఆఫీసుకు వెళ్లాక కంప్యూటర్లో ఎక్కిస్తాను. ఒక్కొక్కరు అంకె చెప్పి ఫోన్ పెట్టేస్తారు. ఆయన పెట్టేసేవాడు కాదు.

"రాసుకో పాపా," అని మొదలుపెట్టేవాడు. అడుగులు, అంగుళాలు చెప్పేవాడు. తర్వాత, "ఇంగొకటి రాసుకో. తెల్లపిట్టలు రెండొచ్చి తిప్ప సూసిపోయినాయి."

ఆ ఫారంలో చివర రిమార్కులు అని ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. నేను కొత్త, ఆయన రాసుకోమన్నాడు, రాశాను. 'పిట్టలు రెండు వచ్చి తిప్ప చూసి వెళ్లాయి.' మర్నాడు, 'పిట్టలు ఆరు వచ్చాయి.' ఆ మర్నాడు, 'మగపిట్ట చేప తెచ్చి ఇచ్చింది. ఆడపిట్ట తీసుకోలేదు. అలిగినట్టుంది.'

మూడో రోజు మా సారు పిలిచారు.

"ఏంది పాపా ఇది? ఎవురలిగినారు?"

చెప్పాను.

"ఇది పైకి పోయే రిపోర్టు. అలకలూ గిలకలూ ఏసి పంపితే నన్ను అడుగుతారు. తీసెయ్."

తీసేశాను. కానీ ఆయన చెప్పడం ఆపలేదు, నేను వద్దని చెప్పలేదు. ఫారంలో రాయలేనివి రాత్రి ఇంటికొచ్చి డైరీలో తేదీ వేసి రాసుకునేదాన్ని. ఏ పుస్తకం చదువుతున్నానో మా ఇంట్లో వాళ్లకే చెప్పని మనిషిని నేను. అలాంటిదాన్ని, ముఖం తెలియని ఒక ముసలాయన పొద్దున్నే ఏం చెప్తాడా అని బస్సులో కిటికీ పక్క సీటు కోసం ముందే వెళ్లి నిలబడేదాన్ని.

ఆ తర్వాత ఒక ఆదివారం వెళ్లాను. స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్లాను. ఆయన చర్చి నుంచి తెల్లచొక్కాతో అలాగే కట్ట మీదికి వచ్చాడు. సన్నగా, ఎండిన చింతబరికెలా ఉన్నాడు. ఆయనతో పాటు ఆయన భార్య. తనను అవ్వా అనమంది. పుట్టి అంటే బుట్టలా గుండ్రంగా ఉండే పడవ, దాని తెడ్డు ఆమె చేతిలోనే ఉంది.

"ఆయనకు ఇయ్యవా అవ్వా తెడ్డు?" అన్నాను.

"ఇస్తే ఈడనే గుండ్రంగా తిరుగుతాంటాం. కండ్లన్నీ పైన పెట్టుకోనుంటాడు," అంది.

తిప్పంటే పెద్దదేమీ కాదు. వానాకాలం సగం మునిగి ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దిగిన కొద్దీ గులకరాళ్ల ఒడ్డు బయటపడుతుంది. ఆ గులకరాళ్ల మీదే ఆ పిట్టలు గుడ్లు పెడతాయి. గూడు లేదు, పుల్ల లేదు. రాళ్ల మధ్య చిన్న గుంట, అందులో రాయి రంగులోనే రెండో మూడో గుడ్లు. పిట్టలు తెల్లగా, వీపు బూడిద రంగు, పసుపుపచ్చ ముక్కు, తల మీద నల్లటి టోపీ పెట్టుకున్నట్టు, తోక కత్తెరలా. సముద్రం మీద తిరిగే పిట్టల జాతే. కొన్ని మాత్రం ఎప్పుడో నదుల వెంట లోపలికొచ్చి ఉండిపోయాయని ఒక పుస్తకంలో చదివాను. ఆయన సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు.

పుట్టి ఆగేముందే ఆయన చెప్పులు విప్పి అవ్వ ఒళ్లో పెట్టాడు. సత్తుగిన్నె ఒకటి బోర్లించి నెత్తిన పెట్టుకుని, పైన తువ్వాలు బిగించి కట్టాడు. నాకొక గిన్నె ఇచ్చాడు. నాకు నవ్వొచ్చింది. దిగిన క్షణంలో ఎందుకో తెలిసింది. తిప్ప మీదున్నవన్నీ ఒక్కసారి లేచాయి. తలల మీదికి దిగి, అరిచి, ముక్కుతో పొడిచి పోతున్నాయి. గిన్నె మీద టంగుమని చప్పుడు.

"వచ్చినాం లేండమ్మా. సుట్టాలమే. ఎవురో అనుకోని కొడతాండారు," అని వాటితో మాట్లాడుతూనే బీడీ ముట్టించాడు.

పిట్టల దగ్గరికి వచ్చి బీడీ ఏమిటని నా ముఖంలో కనిపించినట్టుంది.

"ఇది తాగేకి గాదు పాపా, గడియారం. ఇది అయిపోయేలోపల మనం పుట్టిలో ఉండల్ల. తల్లి లేసిందంటే గుడ్డుకు ఎండ తగుల్తాది. ఈ ఎండకు రాయి మింద గుడ్డు ఉడికిపోతాది."

ఒక్కసారి కూడా పీల్చలేదు. ఎడమచేతి వేళ్ల మధ్య అలా పట్టుకుని నడిచాడు. అడుగు ఎత్తి వేయడు, నేల మీద జరుపుతాడు. గుడ్లున్న గుంట కనిపించినప్పుడల్లా కుడిజేబులోంచి ఒక చెనక్కాయ తీసి ఎడమజేబులో వేసుకునేవాడు. బీడీ చివరికి రాగానే తిరిగేశాడు. నేను ఇంకా ఒకచోట వంగి చూస్తుంటే, "సాలు దా," అని చెయ్యి పట్టి లాగాడు. ఆ చెయ్యి గట్టిగా ఉంది. పుట్టిలో కూర్చుని ఎడమజేబులో చెనక్కాయలు లెక్కపెట్టి, నాకు చెప్పి, తర్వాత ముగ్గురికీ పంచాడు. అవ్వ తొక్కలు చెరువులో వేస్తూ అంది:

"నా పిల్లోల్లకు పాలు తాపినానా లేదా అని ఏ పొద్దూ అడగలా. వీటికి ఎండ తగుల్తాండాదని మాత్రం ఉరుకుతాడు."

"వాళ్లకు నువ్వుండావు గదా," అన్నాడు ఆయన. "వీటికెవురుండారు?"

వానాకాలంలోనూ ఒకసారి తీసుకెళ్లాడు. అప్పుడు పిట్టలుండవు. తిప్ప వీపు మీద, నీళ్లు అందని చోట, గడ్డి మోకాలెత్తు ఉంది. చుట్టూ నీళ్లు కాబట్టి గొర్రెలు రావు, మేకలు రావు. అందుకని ఆ గడ్డిలో ఇంకెక్కడా కనపడని పూలు. గోరంత నీలం పువ్వు, పసుపు చుక్కలాంటిది, తెల్లటి గంటలాంటిది ఇంకొకటి. పేర్లు అడిగాను.

"పేర్లు నాకు తెల్దు. మా నాయన కాలంలో కట్ట కిందంతా ఇవే ఉండేవి. ఇప్పుడీడ మాత్రం మిగిలినాయి," అన్నాడు.

వంగి ఒకటి కోయబోయాను. "ఇంటికాడ అంగళ్లో పూలు దొరకవా?" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఒకసారి ఫోన్లో ఒక వీడియో చూపించాను. ఎక్కడో చలిసముద్రంలో ఒక దీవి. పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో అక్కడికి ఏ పడవా పోకూడదు. ఒడ్డున గుడిసె వేసుకుని ఒక మనిషి కాపలా ఉంటుంది. ఆయన కళ్లద్దాలు లేకుండా ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఆ దీవికి లష్కరు ఎవురు?"

"ఆ టోపీ పెట్టుకున్న అమ్మాయే తాతా."

"ఆ పాపేనా?" అని మళ్లీ మొదటి నుంచి వేయమన్నాడు. మూడుసార్లు చూశాడు.

పోయినేడు ఈస్టరు ముందొచ్చే మట్టల ఆదివారానికి గుడ్లు నిండుగా ఉన్నాయి. అదే వారం మా ఆఫీసుకు ఫైలొచ్చింది. తిప్ప మీద షెడ్లు, రేవు, సిమెంటు దారి. నేనే ఎక్కించాను. ఏడింటి ఫోన్లో ఆయనకు చెప్పాను. మర్నాడు తొమ్మిదింటికి నంద్యాలలో ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చర్చి చొక్కా వేసుకుని.

సారు లోపలికి రమ్మన్నారు. నా బల్ల సారు గదిలోనే ఒక మూల.

"ఏందప్పా, తూము ఇడిసి ఈడికొచ్చినావు?"

"తిప్ప మింద పని రెండు నెలలు ఆపల్ల సార్. గుడ్లుండాయి."

"ఏం గుడ్లు?"

"పిట్టల గుడ్లు సార్. జూన్ కంతా పిల్లలు ఎగిరిపోతాయి. ఆ మీదట మీ ఇష్టం అని కూడా అనను, అప్పుడు గడ్డి లేస్తాది. కానీ ముందు ఇది ఆపండి."

సారు చెడ్డమనిషి కాదు. నవ్వారు. ఫైలు తెరిచి ఆయన వైపు తిప్పారు.

"సూడప్పా. దీంట్లో తిప్ప ఉండాది. షెడ్లుండాయి. మ్యాపుండాది. పిట్టలు యాడుండాయి?"

ఆయన నిజంగానే వంగి చూశాడు. తర్వాత, "దీంట్లోకి అవి రావల్లంటే ఎట్ల రావల్ల సార్?" అన్నాడు.

ఫోను మోగింది, సారు ఎత్తారు.

నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. రెండేళ్లుగా ఏ రోజు ఎన్ని పిట్టలొచ్చాయో నా డైరీలో ఉంది. రిమార్కుల గడిలో నేను కొట్టి, మళ్లీ తుడిచేసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఒక్క వాక్యం చెప్తే చాలు. నోరు తెరవలేదు.

నోరు తెరవలేదు కాబట్టి ఇంకో ఉపాయం ఆలోచించాను. నోరు తెరవనివాళ్లకు ఉపాయాలు బాగా తోస్తాయి. పని ఎలాగూ మొదలవుతుంది. కనీసం కూలీలు గుడ్లు తొక్కకుండా ఉంటే? గుడ్డు రాయి రంగులో ఉంటుంది, తొక్కేదాకా కనపడదు. ప్రతి గుంట చుట్టూ తెల్లటి గుండ్రం ఉంటే చూసుకుని పక్కకు వేస్తారు కదా అడుగు.

ఆళ్లగడ్డలో మా నాయనకు ముగ్గుపిండి నుంచి మోటారు పైపుల దాకా అమ్మే అంగడి ఉంది. శనివారం సాయంత్రం రెండు సున్నం సంచులు తీసుకున్నాను.

"ఎందుకే అంత?" అన్నాడు నాయన.

"ఆఫీసులో కావాలన్నారు."

"ఏం, ఆఫీసు ముందర ముగ్గులేయిస్తాండారా మీతో?"

ఆదివారం తిప్ప మీద, ఒక్కొక్క బీడీకి ఇన్నని, నాలుగు దఫాలుగా దిగి వేశాం. నిజం చెప్పాలంటే వేసింది నేను. ఆయన గుంట చూపిస్తాడు, నేను పుల్లకు దారం కట్టి చుట్టూ తిప్పి, చిటికెతో సున్నం వదులుతాను. చిన్నప్పటి నుంచి మా వీధిలో ముగ్గుకు నన్నే పిలుస్తారు. ఒక్క గుండ్రం వంకర పోలేదు. అన్నీ ఒకే కొలత.

"ఇంత గుండ్రంగా ఎందుకు పాపా? పిట్టలేమన్నా కొలుస్తాయా?" అన్నాడు.

పుట్టిలోంచి తిరిగి చూస్తే తిప్పంతా తెల్లటి గుండ్రాలు, ఒక్కొక్కదాని మధ్య ఒక్కొక్క తల్లి మళ్లీ దిగి కూర్చుంటోంది. అంత అందమైన పని నేను ఇంతవరకు చేయలేదనుకున్నాను. ఆ రాత్రి డైరీలో అలాగే రాశాను. ఆ పేజీ ఇంకా ఉంది, చింపలేదు.

సోమవారం పదకొండింటికి ఫోనొచ్చింది. ఏడింటికి కాక ఇంకో వేళలో ఆయన ఎప్పుడూ చేయలేదు.

"రాసుకో పాపా," అన్నాడు. వెనక పిట్టల అరుపులు వినిపిస్తున్నాయి. "నీ గుండ్రాలన్నీ తవ్వినారు," అన్నాడు.

కాంట్రాక్టరు పంపిన కూలీలు కొలిమిగుండ్ల వైపు నుంచి పొద్దున్నే వచ్చారు. మేస్త్రి తిప్ప మీద దిగి చూశాడు. సున్నంతో గుండ్రాలు, ఒకే కొలతలో. మేస్త్రికి ఇంకేం కావాలి? ఇల్లు కట్టినా, కరెంటు స్తంభం నాటినా, బోరు వేసినా, సున్నం ఎక్కడ పడితే అక్కడ తవ్వాలి. స్తంభాల గుంతలకు మార్కింగు అయిపోయిందనుకున్నాడు. గడ్డపారలు సరిగ్గా గుడ్ల మీద పడ్డాయి. ఆ తిప్ప మీద గుడ్లు లేని చోటు ఎంతైనా ఉంది. సున్నం లేకపోయుంటే సగమన్నా మిగిలేవి.

నాకు సున్నమంటే ముగ్గు. మా వీధిలో ముగ్గును ఎవరూ తొక్కరు, పక్కనుంచి పోతారు. ఆయనకు సున్నమంటే తూము గోడ మీద ఏటేటా గీసే గీత. నీళ్లు ఇది దాటకూడదని. మేమిద్దరం ఆపడానికే వేశాం. తవ్వడానికి వచ్చినవాడికి అది ఇంకోలా కనిపిస్తుందని ఇద్దరికీ తోచలేదు.

కూలీల్లో ఒక పడుచామె గుడ్లు చూసిందట. తర్వాత అవ్వతో చెప్పింది. "గుడ్లుండాయన్నా అని చెప్తే, మార్కింగు పడినాక నువ్వెవురు చెప్పేకి అన్న్యాడు మేస్త్రి. ఒక గుంట మాత్రం నేను సూడనట్టు ఇడిసిపెట్టి పోయినా."

రెండు రోజుల తర్వాత మా సారు గదిలో విచారణ జరిగింది. గుడ్ల గురించి కాదు. గుంతలు ఎక్కువైనాయని. డ్రాయింగులో ఉన్నవాటికి మూడింతలున్నాయి, తిప్ప జల్లెడలా అయింది. కాంట్రాక్టరు, మేస్త్రి కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన నిలబడ్డాడు. నేను మూల బల్ల దగ్గర ఎవరేం చెప్పారో కొడుతున్నాను.

"డ్రాయింగు సూడలేదా నువ్వు?" అన్నారు సారు మేస్త్రితో.

"సూసినా సార్. డ్రాయింగులో తక్కువుండాయి, నేల మింద ఎక్కువుండాయి. నేల మిందుండేదే ఖరారు అనుకున్యా."

"ఎవురేసినారు ఆ సున్నం?"

నా వేళ్లు ఆగిపోయాయి.

"నేనే సార్," అన్నాడు ఆయన.

"నువ్వా? అంత గుండ్రంగా?"

"దారం కట్టి గీసినా సార్."

"ఎందుకు?"

"ఆడ అడుగు పెట్టొద్దని."

కాంట్రాక్టరు పెద్దగా నవ్వాడు. "అడుగు పెట్టొద్దని సున్నం ఏస్తారప్పా ఎవురన్నా? లోకమంతా తవ్వేకి ఏస్తాది."

ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే చెప్పేసేదాన్నేమో. 'ఏమో' అని రాస్తున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. రిటైరయ్యాక వేరే మనిషి రాలేదని ఆయన్ను దినకూలీ మీద ఉంచారు. ఒక్క కాగితంతో తీసేయవచ్చు. సారు చెప్పారు, నేను కొట్టాను. ప్రభుత్వ పనికి ఆటంకం కలిగించినందున. ఆటంకం! గుంతలు అడిగినదానికి మూడింతలు తవ్వినవాడికి మెమో లేదు, డ్రాయింగు చేతిలో పెట్టుకుని చూడనివాడికి మెమో లేదు. కొలతలకని తిప్ప మీదికి మూడు దఫాలు వచ్చిపోయి ఒక్క పిట్టను చూడని ఆఫీసుకూ లేదు. గుడ్లకు గుర్తు పెట్టినవాడిది ఆటంకం.

సాయంత్రం బస్టాండులో ఆయన్ను పట్టుకున్నాను. అవుకు బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"నేను పోయి చెప్తా తాతా, నేనే వేశానని."

"చెప్పి? నాదొకటి పోయింది, నీది గూడా పోతాది. అప్పుడా గదిలో మన మనిషి ఎవురుంటారు?"

"మరి నేనుండి ఏం చేశాను?"

"చెయ్యలా," అన్నాడు. "ఇంతవరకు చెయ్యలా." తిట్టినట్టు లేదు, ఓదార్చినట్టూ లేదు. నీటిమట్టం చెప్పినట్టు చెప్పి బస్సెక్కాడు.

మర్నాడు ఏడింటికి కొత్త లష్కరు ఫోన్ చేశాడు, అంకె చెప్పి పెట్టేశాడు. ఐదు నిమిషాలకు ఆయన నంబరు నుంచి ఫోను. "రాసుకో పాపా." నీటిమట్టం చెప్పలేదు. అది ఇక ఆయన పని కాదు. "గుంతలు పూడుస్తాండాం, నేనూ మీ అవ్వా." తర్వాత ఒక వారానికి, "మల్ల పెట్టినాయి. మూడు జతలే." ఆ మూడింటిలో ఎన్ని ఎగిరాయో కూడా నా దగ్గర రాసుంది. గుంతల లెక్క తేలక ఫైలు ఎక్కడో ఆగింది, అంతలో వానలొచ్చాయి. ఆయన పనిలో లేకుండానే తొమ్మిది నెలలు రోజూ ఫోన్ చేశాడు.

మూడు వారాల కిందట ఫైలు మళ్లీ కదిలింది. ఈసారి డ్రాయింగు కొత్తది, రంగుల్లో ఉంది. అట్ట మీద పిట్టల బొమ్మ వేశారు. ఇక్కడి పిట్టలు కావు, ఏదో చలిదేశపు పిట్టలు, ఇంటర్నెట్లో దొరికినవి. తిప్ప మీద అసలువి ఇప్పుడు జతలు కడుతున్నాయి, వాటిని ఎవరూ వచ్చి చూడలేదు. ఈ సోమవారం మీటింగు. పెద్దమనిషి వస్తాడు, కాంట్రాక్టరు వస్తాడు. నేను మినిట్స్ రాయాలి. రాయాలంతే, మాట్లాడే పని నాది కాదు.

ఫైలొచ్చిన సాయంత్రం, నంద్యాలలో ఆయన్ను చేర్చిన ఆస్పత్రికి వెళ్లాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. వార్డు నిండా మనుషులు, పైన ఫ్యాను కీచుమంటోంది. అవ్వ మంచం కింద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పక్క మంచం వాళ్లు వింటారేమోనని దగ్గరగా వంగి చెప్పాను. మీటింగులో లేచి అడుగుతాను తాతా, జూన్ దాకా పని ఆపమని. డైరీలు తీసుకుపోయి బల్ల మీద పెడతాను. పోయినేడు సున్నం వేసింది ఎవరో కూడా చెప్తాను.

ఆయన కళ్లు తెరిచాడు.

"ఏందీ?" అన్నాడు.

మళ్లీ చెప్పాను.

"ఇంగా గట్టిగా చెప్పు పాపా," అన్నాడు. "ఇంత దగ్గరుండే నాకే ఇనపడల్యా."